వార్డులో పోసిన ఒడిబియ్యం

సర్కారు నర్సు ఉద్యోగాల జాబితాలో వినీత పేరు మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చదువు కాగితాలు ఆమె దగ్గర లేవు. నిజామాబాద్‌లో ఆమె పనిచేసే నర్సింగ్‌హోం బీరువాలో ఉన్నాయి. చేరిన రోజే మేనేజర్ భానుప్రసాద్ పదో తరగతి మెమో నుంచి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా అసలు కాగితాలన్నీ తీసుకున్నాడు. "మా దగ్గర భద్రంగ ఉంటయి. నీ మంచికే" అన్నాడు. నర్సులు మధ్యలో మానేసి పోకుండా వేసే కట్టు అది. పశువును కట్టేసినవాడు కనీసం కడుపునిండా మేత వేస్తాడు.

హైదరాబాద్‌లో ఆ కాగితాలు చూపించాల్సిన రోజు దగ్గరపడింది. వినీత వెళ్లి అడిగితే డాక్టరు ఊళ్లో లేడన్నాడు మేనేజర్. డాక్టరు వచ్చాక అడిగితే, నీ బదులు ఇంకొకరిని తెచ్చి నిలబెట్టి తీసుకుపొమ్మన్నాడు. ఆ ఇంకొకరు దొరికేలోపు గడువు దాటిపోయింది. ఆమెకంటే తక్కువ మార్కులు వచ్చిన అమ్మాయి ఆ ఉద్యోగంలో చేరింది. మర్నాడు వినీత ఎప్పటిలాగే యూనిఫాం వేసుకుని డ్యూటీకి వచ్చింది. కోపం రాలేదా అంటే వచ్చింది. కాగితాలు లేని కోపాన్ని పట్టుకుని ఎక్కడికి పోతుంది?

ఈ సంగతంతా వెంకటవ్వకు ఆలస్యంగా తెలిసింది. తెలిసేనాటికి ఆ పిల్ల చేతి చలవతోనే తన కాళ్లు మళ్లీ కాళ్లయ్యాయి.

వెంకటవ్వది భీమ్‌గల్ దగ్గర పల్లె. పసుపు రైతు. పెనిమిటి పోయాక కొడుకు ఆశన్నను వెంటబెట్టుకుని సేద్యం నడిపిన మనిషి. పసుపు ఉడికిందో లేదో చూడటం ఆ ఇంట్లో ఇప్పటికీ ఆమె పనే. ఆ ఏడు కూడా ఉడకబెట్టే డ్రమ్ము పక్కన పుల్ల పట్టుకుని నిలబడింది. కూలీలు డ్రమ్మును వంచుతుంటే పట్టు జారింది. సలసల కాగుతున్న నీళ్లు ఆమె రెండు కాళ్ల మీద పడ్డాయి.

పసుపు పండించేవాళ్లకు ఏ గాయమైనా ముందు గుర్తొచ్చేది పసుపే. కోడలు భాగ్యలక్ష్మి కంగారులో దోసిళ్లకొద్దీ పసుపు నూనెలో కలిపి అత్త కాళ్లకు మోకాళ్ల దాకా మెత్తింది. నిజామాబాద్ చేరేసరికి అది ఎండి అట్టలు కట్టి, కాలిన చర్మానికి అతుక్కుపోయింది. డాక్టరు చూసి మొహం చిట్లించాడు. "క్లీన్ చేయండి" అని పక్క గదిలోకి వెళ్లాడు. ఆ రెండు మాటలు అనడం తేలిక.

వినీత స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. సెలైను పోసి నానబెడుతూ, నానిన మేరకే పొర తర్వాత పొర తీస్తూ పోయింది.

"అవ్వా, ఇది కాలా, పసుపు కొమ్మునా?"

"నవ్వు బిడ్డా, నవ్వు. నీ కాలైతే తెలుస్తుండె."

"నా కాలైతే గింత పసుపు ఏడ దొరుకుతది? కొనుక్కోవాలె గదా."

అంత మంటలోనూ వెంకటవ్వకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చి మొహం గోడవైపు తిప్పుకుంది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. కట్టు మార్చే వేళ వస్తుందంటేనే వెంకటవ్వకు ఒళ్లు చల్లబడేది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని పళ్లు బిగించేది. ఒకరోజు వినీత కట్టు విప్పుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అవ్వా, పసుపును ఉడకబెట్టినంక నీడకు ఆరబెడ్తరు గదా?"

"నీడకా?" వెంకటవ్వ తల గిర్రున తిప్పింది. "ఎవ్వలు సెప్పిండ్రే నీకు? నీడకు పెడితే బూజు పడ్తది. ఎండల పొయ్యాలె. దినాం తిప్పాలె. కొమ్ము ఇరిస్తే టక్కున సప్పుడు రావాలె, అప్పుడు అది ఎండినట్టు."

"అట్లనా? మరి ఉడికిందని ఎట్ల తెలుస్తది? గడియారం చూస్తరా?"

"గడియారం సూసి ఉడకబెడితే బాగుపడ్డట్టే! పుల్లతోని గుచ్చాలె. మెత్తగ దిగాలె, గని పగులద్దు. వాసన మారుతది. అది ముక్కుకు తెలుస్తది బిడ్డా, సదువుకు తెల్వది."

"రంగు మంచిగ రానీకి ఏమన్న కలుపుతరా? కుంకుమ అసుంటిది?"

"ఓసి నీ మొకం మండ! కుంకుమ కలుపుతరా పసుపుల!"

వెంకటవ్వ ఆయాసపడుతూ కళ్లు తెరిచేసరికి కొత్త కట్టు వేసి ఉంది. వినీత చేతులు కడుక్కుంటోంది.

ఆ పిల్ల తెలివితక్కువదనుకుంది వెంకటవ్వ. పల్లెలో పుట్టి కూడా ఏమీ తెలియదని జాలిపడింది. కొన్నాళ్లకు అవతలి మంచం మీద కాలు విరిగిన బస్సు డ్రైవరు అరుపు వినిపించింది. వినీత అతని కాలికి సాగదీత కట్టు సరిచేస్తూ అడుగుతోంది. "అన్నా, బోధన్ బస్సు ఆర్మూర్ మీదికెల్లే పోతది గదా?"

"ఆర్మూర్ మీదికెల్లా! ఏం తల్లీ, బోధన్ ఎటు, ఆర్మూర్ ఎటు? నేను ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న ఆ రూటు!"

కిటికీ పక్కన వర్ని వైపు చెరుకు రైతును అడిగింది. "చెరుకు విత్తనాలు చల్లుతరా బాపూ, నారు పోస్తరా?" ఆయన మంచం మీద లేచి కూర్చుని, చెరుకు గడను నాటే ముచ్చెలుగా నరకడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడటం దాకా వచ్చేలోపు సూది అయిపోయింది.

వెంకటవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "దొంగ పోరి" అనుకుంది. "సూదికంటే ముందు మాట పొడుస్తున్నది."

ఆ రోజు నుంచి ఆమెను గమనించడం మొదలుపెట్టింది. రెండు వార్డులకు ఒక్కతే నర్సు. ఒకచోట సెలైను మారుస్తుంటే ఇంకోచోట గంట మోగుతుంది. టిఫిన్ డబ్బా నిలబడే తింటుంది. అది కూడా సగమే. తర్వాతి డ్యూటీ పిల్ల రాకపోతే ఆ డ్యూటీ కూడా ఈమెదే, జీతం మాత్రం ఒకదానికే. ఒకరోజు సెలవు పెడితే రెండు రోజుల జీతం కోత. పేషెంటు కోలుకుంటే డాక్టరు చేతి గుణం అంటారు. జ్వరం తగ్గకపోతే నర్సు మీద అరుస్తారు. అరిచినవాళ్లే కాసేపటికి దుప్పటి అడుగుతారు. ఆమె తెచ్చి కప్పుతుంది.

"నెలకు ఎంతిస్తరే నీకు?" అని అడిగింది వెంకటవ్వ ఒకనాడు.

వినీత చెప్పింది. వెంకటవ్వ వేళ్లు మడిచి రోజుకెంత పడుతుందో లెక్క చూసుకుంది. పసుపు తవ్వడానికి వచ్చే ఆడకూలీలకు తను ఇచ్చే దినకూలీ దానికంటే ఎక్కువ.

"మా కూలోళ్లు గూడ పగటిపూట కూసోని తింటరు గదనే!"

"అయితే నన్ను గూడ తవ్వనీకి తోల్కపో అవ్వా."

"నువ్వా? నీ సేతులు పడితే కొమ్ములన్ని ఇరుగుతయి. నీకెవ్వలిస్తరు కూలి?" అంటూనే అడిగింది. "తల్లిగారిల్లు ఏడ బిడ్డా?"

"మోస్రా. గని ఇప్పుడు ఎవ్వలు లేరవ్వా. బాపు చెరుకు సీజన్ల బోధన్ ఫ్యాక్టరీకి పోతుండె. నేను నర్సింగ్ చదివేటప్పుడే పోయిండు. అమ్మ ఆ తర్వాత. అన్నదమ్ములు లేరు."

"మరి ఒడిబియ్యం?"

"పెండ్లినాడు పక్కింటోళ్లు పోసిండ్రు. గంతే."

పెళ్లయిన ఆడపిల్లకు తల్లిగారింటివాళ్లు మూడో ఏటో ఐదో ఏటో పసుపు కలిపిన బియ్యం కొంగులో పోసి పంపుతారు. నీకు మేమున్నాం, నీకేం జరిగినా అడిగేవాళ్లున్నారు అని పదిమంది ముందు చెప్పడమే అది. వినీత భర్త దేవిదాస్ బోధన్‌లో రైస్‌మిల్లులో పని చేస్తాడు. మంచివాడే. అయినా ఒడి నింపేవాళ్లు లేని ఆడపిల్ల అంటే ఏమిటో వెంకటవ్వకు చెప్పాల్సిన పని లేదు.

కాళ్ల మీద పుండ్లు మానుముఖం పట్టాయి. ఇక ఇంటికి పంపిస్తారనుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం వినీత కట్టు మార్చడానికి వచ్చింది. మార్చింది. వెళ్లిపోయింది. ఒక్క తప్పుడు ప్రశ్న కూడా అడగలేదు.

వెంకటవ్వకు కాలి మంట ఆరోజు బాగా తెలిసింది.

వయసులో పెద్ద నర్సు రాధాకుమారిని పిలిచి అడిగింది. రాధాకుమారిది బోధన్ దగ్గర వలస రైతులు కట్టుకున్న క్యాంపు ఊరు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. ఆమె అటూ ఇటూ చూసి మంచం దగ్గరికి వంగింది.

"దానికి మళ్లీ గవర్నమెంటు లిస్టులో పేరొచ్చిందండీ. సోమవారం హైదరాబాద్‌లో కాగితాలు చూపించాలి. కిందటిసారి లాగే ఈసారి కూడా ఇవ్వనంటున్నాడు మేనేజరు. ఇది కూడా పోతే ఇంక పరీక్ష రాసే వయసు దాటిపోద్ది దానికి."

కిందటిసారి ఏం జరిగిందో కూడా చెప్పింది. వెంకటవ్వ అంతా విని, "ఆ కాగితాలు ఎవ్వలయి?" అంది.

"దానివే కదండీ."

"మరి అడిగేటోళ్లు లేరా?"

"ఎవరున్నారు అడగడానికి? మేం అడిగితే మావి కూడా ఆ బీరువాలోనే ఉన్నాయి."

వెంకటవ్వ ఫోన్ తీసి ఆశన్నను పిలిచింది. డిశ్చార్జి నాటికి కోడల్ని తీసుకుని రమ్మంది. ఏమేం తేవాలో చెప్పింది. ఆశన్న అవతల నోరెళ్లబెట్టి ఉంటాడు. "దవాఖానలనా అవ్వా?" అన్నాడు. "దవాఖానలనే. మనోళ్లను గూడ నలుగుర్ని తోల్కరా" అంది.

శనివారం బిల్లు కట్టేశారు. బిల్లులో నర్సింగ్ చార్జీలని రోజుకింత అని ఒక వరుస ఉంది. ఆశన్న అది చదివి వినిపిస్తే వెంకటవ్వ తల ఊపింది. "యాదిల పెట్టుకో" అంది.

వినీత చివరి కట్టు చూడటానికి వచ్చేసరికి మంచం పక్కన స్టీలు గంపలో పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, పోకలు, గాజులు, ఎర్ర అంచు చీర కనిపించాయి. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండడుగులు వెనక్కి వేసింది.

"అవ్వా, డ్యూటీల ఉన్న."

"ఉండు. డ్యూటీల ఉంటే ఆడివిల్లవు గావా?"

చిక్కు ఇంకోటి వచ్చింది. యూనిఫాంకు కొంగు లేదు. వార్డు ఊడ్చే తారాబాయి ముందుకొచ్చి, "అగ బాయీ, ఇది గూడ ఒక కష్టమేనా" అంటూ కొత్త చీర మడతలు విప్పి యూనిఫాం మీదే చుట్టింది. పోసేది ముత్తయిదువలు కావాలి. వెంకటవ్వ మంచం మీదే కూర్చుని పురమాయించింది. తను మాత్రం పోయలేదు. పెనిమిటి పోయినవాళ్లు పోయకూడదనే లోకరీతిని ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు, అట్లని దాటనూ లేదు. భాగ్యలక్ష్మి మొదటి దోసిలి పోసింది. తారాబాయి పోసింది. "మాకీ అలవాటు లేదండీ, ఎలా పొయ్యాలో చెప్పండి" అంటూనే రాధాకుమారి పోసింది. బస్సు డ్రైవరు భార్య, చెరుకు రైతు కోడలు పోశారు. డ్రైవరు మంచం మీద నుంచే, "బోధన్ బస్సు ఆర్మూర్ మీదికెల్లి పోతదని ఇంకోసారి అంటే ఆ బియ్యం వాపసు తీస్కోండ్రి" అని అరిచాడు. వార్డంతా నవ్వింది. వినీత మాత్రం తల వంచుకుని ఉంది. బియ్యం బరువుకు కొంగు కిందికి జారుతుంటే రెండు చేతులా పట్టుకుంది.

మేనేజర్ భానుప్రసాద్ వచ్చాడు. "ఏందిది? ఆస్పత్రా, ఫంక్షన్ హాలా? స్టాఫ్ పేషెంట్ల దగ్గర ఏం తీసుకోవద్దని బోర్డున్నది, చదువు రాదా వినీతా?"

"నీదే ఊరు బిడ్డా?" అని అడిగింది వెంకటవ్వ.

"నందిపేట్."

"నందిపేట్లోనివై ఒడిబియ్యం అంటే తెల్వదా? నీ అక్కకు పొయ్యలేదా, నీ పెండ్లానికి పొయ్యలేదా?"

అతను గంప వైపు చూశాడు.

"పోసినం. ఇగ ఇది మా ఇంటి ఆడివిల్ల. ఆడివిల్ల సామాన్లు మీ దగ్గర ఉన్నయట. తల్లిగారోళ్లం వచ్చినం, ఇయ్యిండ్రి."

"అవి ఆఫీసు విషయాలు అవ్వా. నీకు డిశ్చార్జి అయ్యింది, ఇంటికి పో."

"పోత. ఆమె కాగితాలు ఆమె సేతికి రాంగనే పోత."

అత్తగారింట్లో ఆడపిల్లకు అన్యాయం జరిగితే ఆ వైపు పల్లెల్లో తల్లిగారింటివాళ్లు పోయి వాకిట్లో కూర్చుంటారు. విషయం తేలేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. వెంకటవ్వ అదే చేసింది. మంచం ఖాళీ చేసి, కట్టుకట్టిన కాళ్లతో ఆశన్న భుజం పట్టుకుని నడిచి, డాక్టరు చూసే గది ముందు వరుసలో కుర్చీలో కూర్చుంది. ఆమె వెంట వచ్చినవాళ్లు చుట్టూ కూర్చున్నారు. కాంపౌండరు నీళ్ల సీసా తెచ్చిస్తే, "వద్దు బిడ్డా, ముట్టం" అంది. చూపించుకోవడానికి వచ్చినవాళ్లు ఏమైందని అడిగితే దాచకుండా చెప్పింది. ఈ పిల్ల సేవ చేసిందని మా దగ్గర రోజుకింత తీసుకున్నారనీ, ఆ పిల్లకు కూలి కూడా గిట్టడం లేదనీ, ఆమె చదువును బీరువాలో పెట్టి తాళం వేశారనీ చెప్పింది. ఎవరి మీదా అరవలేదు. పసుపు ధర అడిగినవాళ్లకు పసుపు ధర కూడా చెప్పింది.

వినీత రెండుసార్లు వచ్చి, "అవ్వా, లే. ఉన్న కొలువు గూడ పోతది" అని చెవిలో బతిమాలింది.

"పోతే నాతోని తవ్వనీకి రా."

డాక్టరు చివరికి తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. "అవ్వా, నీ కాళ్లు బాగు చేసినం కదా, ఇంకేం కావాలె? ఆ అమ్మాయికి నీకు ఏం సంబంధం?"

"ఒడిబియ్యం పోసినంక సంబంధం లేదంటవా సారూ? ఒక్కపారి మీ అమ్మకు ఫోన్ జేసి అడుగు."

వరుసలో కూర్చున్న ఆడవాళ్లు కొందరు నోరు మూసుకుని నవ్వారు. ఒకతను ఫోన్ ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. డాక్టరు అతన్ని చూశాడు, వరుసను చూశాడు. ఆయనకు దయ కలిగిందని చెప్పడానికి లేదు. వరుస పలచబడుతుందనే లెక్క మాత్రం తెలిసింది. మేనేజరు వైపు తిరిగి, "ఇచ్చి పంపించు" అన్నాడు.

కవరు వినీత చేతికి వచ్చింది. ఆమె విప్పి, ఒక్కొక్క కాగితం తీసి చూసుకుంది. అందరి ముందూ అక్కడే కింద కూర్చుని ఏడ్చింది. వెంకటవ్వ అప్పుడు నీళ్లు అడిగింది.

అందరి కాగితాలూ బయటికి రాలేదు. రాధాకుమారివి ఇంకా అక్కడే ఉన్నాయని విన్నారు. ఒక్క పిల్ల గట్టెక్కింది. అదన్నా జరిగింది.

వినీతకు బోధన్ వైపు ఒక సర్కారు దవాఖానలో ఉద్యోగం వచ్చింది. పని తగ్గలేదు. అక్కడ కూడా నిలబడే ఉండాలి, అక్కడ కూడా అరిచేవాళ్లు అరుస్తారు. కాకపోతే జీతం ఆమె పనికి తగ్గట్టు వస్తుంది, అన్నం కూర్చుని తింటుంది. కాగితాలు ఇంట్లో సొంత బీరువాలో ఉంటాయి. తాళం చెవి మెడలో పుస్తెలతాడుకే కట్టుకుందని దేవిదాస్ నవ్వుతాడు. ప్రతి ఏడూ పసుపు ఉడకబెట్టే రోజుల్లో భీమ్‌గల్‌కు వస్తుంది. వెంకటవ్వ కాళ్లు ఒళ్లో పెట్టుకుని, మచ్చల మీద నూనె రాసి వెళుతుంది.

మళ్లీ ఒడిబియ్యం పోసే ఏడు వచ్చింది. పిలవడానికి తనే పోతానని వెంకటవ్వ పట్టుపట్టింది. ఫోన్‌లో పిలిస్తే అది పిలుపు కాదంది. ఆశన్నను తోడు తీసుకుని బోధన్ బస్సెక్కింది. దిగేటప్పుడు మెట్టు అంచు తగిలి, కాలి మీద మచ్చ దగ్గర పలచని చర్మం చిట్లింది. రక్తం కారుతుండగానే దవాఖాన మెట్లెక్కింది.

వినీత ఆమెను చూసి పరుగెత్తుకొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద స్టూలు వేసుకుని, ఆ పాదం మోకాలి మీద పెట్టుకుంది. చుట్టూ జనం. పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తున్నారు. "ఒస్తున్న, ఆగుండ్రి, మా అవ్వ" అంది వినీత వాళ్లతో.

ఆ మాటకు వెంకటవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ ఏడు నేనే పిలువనీకి వచ్చిన బిడ్డా. మళ్లొచ్చేదానికి ఉంటనో లేనో. నువ్వు లేకుంటే ఈ కాళ్లు..." అని ఇంకేదో అనబోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వినీత తల ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. దూది మందులో ముంచింది. అది తగిలితే భగ్గున మండుతుంది.

"అవ్వా," అంది వినీత, దూదిని గాయం దగ్గరికి తెస్తూ. "పసుపును నీడకే ఆరబెడ్తరు గదా?"